బంతి చేరేలోపు: సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయికి బ్యాటింగ్ నేర్పడంపై ఒక సమీక్ష

అమెరికాలో సాఫ్ట్‌బాల్ ఆడే 12 ఏళ్ల అమ్మాయికి సలహాల కరువు ఉండదు. మోచెయ్యి పైకెత్తమని ఒకరంటే దించమని మరొకరంటారు. బంతిని పైనుంచి కిందికి కొట్టమని పాతకాలపు కోచ్, కిందినుంచి పైకి లేపమని కొత్త కోచ్. గంటకింత అని డబ్బు తీసుకునే ప్రైవేటు కోచ్ నడుము తిప్పడం గురించి చెబుతుంటే, కంచె అవతలి నుంచి నాన్న ‘బంతిని చూడమ్మా, బంతిని చూడు’ అని కేకేస్తుంటాడు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. అన్నీ కలిపి వింటే మాత్రం పిల్ల బ్యాట్ ఊపడమే మరిచిపోతుంది.

ఈ సలహాల్లో దేనికి ఎంత ఆధారం ఉందో తూచి చూడటమే ఈ వ్యాసం పని. నా అంచనా ముందే చెబుతాను. పెద్దల వాదులాట ఎక్కువగా స్వింగ్ ఎలా ఉండాలన్న దాని చుట్టూ తిరుగుతోంది. పిల్లకు ఎదురయ్యే చిక్కు చాలావరకు స్వింగ్ మొదలవకముందే ఉంది: వచ్చే బంతి ఎలాంటిదో పోల్చుకోవడం, దాన్ని కొట్టాలో వదిలేయాలో తేల్చుకోవడం. సాధనలో ఎక్కువ భాగం అక్కడికి మళ్లాలి.

చేతిలో ఉన్న వ్యవధి

1887లో షికాగోలో ఇంటిలోపలి ఆటగా పుట్టిన సాఫ్ట్‌బాల్‌కూ, ఇవాళ అమ్మాయిలు పోటీల్లో ఆడే ఫాస్ట్‌పిచ్‌కూ పోలిక తక్కువ. పిచర్ చేతిని గాలిమరలా గుండ్రంగా తిప్పి, తుంటి దగ్గర బంతిని వదులుతుంది. కాలేజీ, హైస్కూల్ ఆటలో పిచర్ నిలబడే పలకకూ హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 43 అడుగులు. 12 ఏళ్లలోపు వారికి సాధారణంగా 40, 10 ఏళ్లలోపు వారికి 35. బేస్‌బాల్‌లో ఇదే దూరం 60 అడుగుల 6 అంగుళాలు.

చిన్న లెక్క వేద్దాం. పిచర్ ముందుకు అంగవేసి బంతిని వదిలేసరికి 43 అడుగుల్లో దాదాపు ఆరడుగులు కరిగిపోతాయి. గంటకు 60 మైళ్ల వేగం అంటే సెకనుకు 88 అడుగులు. ఆ వేగంతో 37 అడుగులు దాటడానికి బంతికి పట్టేది 0.42 సెకను. బేస్‌బాల్‌లో 90 మైళ్ల వేగంతో వచ్చే బంతికి పట్టే సమయమూ దాదాపు అంతే. 12 ఏళ్ల అమ్మాయికి ఎదురయ్యే 50 మైళ్ల బంతికైతే అర సెకను కన్నా కొంచెం తక్కువ. అందులో బ్యాట్ తిప్పడానికే సెకనులో ఐదో వంతు వరకు పోతుంది. మిగిలిన కాస్త సమయంలో బంతి వేగం, దారి, స్పిన్ చూసి నిర్ణయం తీసుకోవాలి. బంతి సగం దారి దాటాక ‘కొట్టనా వద్దా’ అని ఆలోచించే అవకాశం లేదు.

2004లో జరిగిన ఒక సరదా పోటీ ఈ విషయాన్ని కళ్లకు కట్టింది. అమెరికా ఒలింపిక్ జట్టు పిచర్ జెన్నీ ఫించ్ ఎదురుగా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లు బ్యాట్ పట్టారు. అప్పటి మేటి బ్యాటర్లలో ఒకడైన ఆల్బర్ట్ పుహోల్స్ స్ట్రైకవుట్ అయ్యాడు. మైక్ పియాజా, బ్రయన్ జైల్స్‌ల గతీ అంతే. వాళ్ల కండబలంలో గానీ స్వింగ్‌లో గానీ లోపమేమీ లేదు. భుజం మీదుగా విసిరే వేల బంతులు చూసి చూసి వాళ్ల కళ్లు నేర్చుకున్న గుర్తులేవీ తుంటి దగ్గర నుంచి వచ్చే బంతికి పనికిరాలేదు. అంటే బంతిని చదవడం పుట్టుకతో వచ్చే కంటి చురుకుదనం కాదు; ఆ రకం బంతుల్ని ఎన్నో చూసి సంపాదించుకునే అనుభవం. పిల్లల శిక్షణకు ఇంతకన్నా ముఖ్యమైన పాఠం లేదు.

స్వింగ్ తగాదా

బేస్‌బాల్ నుంచి వారసత్వంగా వచ్చిన తగాదా ఇది. 1941లో 0.406 బ్యాటింగ్ సగటు, అంటే పదింటికి నాలుగు హిట్లు, సాధించిన బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్, తర్వాత ‘ది సైన్స్ ఆఫ్ హిటింగ్’ అనే పుస్తకంలో స్వింగ్ కొద్దిగా పైకి సాగాలనీ, బలం నడుము తిప్పడంలోంచి రావాలనీ వాదించాడు. బేస్‌బాల్ పిచర్ నిలబడే ఎత్తైన దిబ్బ మీద నుంచి వచ్చే బంతి కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి, దానికి ఎదురుగా కొంచెం పైకి సాగే బ్యాటే బంతి దారిలో ఎక్కువసేపు ఉంటుందన్నది అతని తర్కం. జార్జ్ బ్రెట్ వంటి వాళ్లకు గురువైన చార్లీ లౌ మరోదారి చూపాడు: శరీర బరువు వెనకకాలి నుంచి ముందుకాలికి మారాలి, బ్యాట్ బంతి గుండా సాగిపోవాలి. వీళ్ల శిష్యప్రశిష్యులే ఇవాళ ‘రొటేషనల్’, ‘లీనియర్’ అనే పేర్లతో వాదించుకుంటున్నారు.

సాఫ్ట్‌బాల్‌కు వచ్చేసరికి ఈ తర్కాన్ని తిరిగి లెక్కకట్టాలి. ఇక్కడ దిబ్బ లేదు. బంతి తుంటి ఎత్తు నుంచే బయల్దేరుతుంది. గాలినీ స్పిన్‌నూ పక్కనపెట్టి చూస్తే, 60 మైళ్ల బంతి ప్లేట్ దగ్గర నాలుగైదు డిగ్రీల వాలుతోనే దిగుతుంది. 10 ఏళ్ల పిల్లల ఆటలో 40 మైళ్లతో 35 అడుగుల నుంచి వచ్చే బంతి పైకి లేచి పడుతుంది కాబట్టి వాలు ఎనిమిది డిగ్రీల దాకా ఉంటుంది. అంటే అదే అమ్మాయి వయసు పెరిగేకొద్దీ బంతి దారి చదునవుతూ పోతుంది. స్పిన్‌తో కిందికి జారే డ్రాప్ బాల్ వాలు పెంచుతుంది, పైకి తేలినట్టు వచ్చే రైజ్ బాల్ తగ్గిస్తుంది. ఒకే కోణం నూరిపోసి, జీవితాంతం అదే సరిపోతుందనుకోవడం వట్టి భ్రమ. బ్యాట్ బంతి దారిలోకి తొందరగా వచ్చి, అందులోనే వీలైనంతసేపు ఉండాలన్న సూత్రమొక్కటే అన్ని వయసుల్లోనూ నిలుస్తుంది.

హైస్పీడ్ కెమెరాతో తీసిన వీడియోలు చూస్తే తగాదాలో చాలా భాగం చల్లబడుతుంది. మేటి బ్యాటర్లు నిలబడే తీరు, చేతుల ఎత్తు, కాలు ఎత్తే పద్ధతి ఒకరివి ఇంకొకరితో పోలవు. బంతి తగిలే క్షణం దగ్గరపడేకొద్దీ మాత్రం అందరూ ఒకేలా కనబడతారు: ముందుకాలు గట్టిగా నిలదొక్కుకుంటుంది, నడుము ముందు తిరుగుతుంది, భుజాలు దాని వెంట, చేతులు చివర. తల పెద్దగా కదలదు. అంటే పిల్ల నిలబడే తీరు చూసి దిద్దాల్సింది తక్కువ. ఈ వరుస తప్పుతోందా అన్నదే చూసుకోవాలి. పురుగును నలిపినట్టు వెనకపాదం తిప్పమనే పాత సలహా ఈ పరీక్షలో నిలవదు. దాన్ని అక్షరాలా పాటించిన పిల్ల బరువంతా వెనకకాలి మీదే ఉండిపోతుంది. పెద్ద ఆటగాళ్లు గట్టిగా కొట్టేటప్పుడు వెనకపాదం మీద బరువు దాదాపు ఉండదు. కొందరిదైతే నేల నుంచి లేస్తుంది కూడా.

‘స్లాప్’ గురించి ఒక్కమాట. ఎడమచేతి వైపు నుంచి పరుగందుకుంటూనే బంతిని తట్టి, 60 అడుగుల దూరంలోని మొదటి బేస్‌కు దూసుకెళ్లే పద్ధతి ఇది. నటాషా వాట్లీ దీనితోనే ఒలింపిక్ స్థాయికి ఎదిగింది. అయితే బాగా పరుగెత్తే ప్రతి పదేళ్ల పిల్లనూ ఎడమవైపుకు మార్చి స్లాపర్‌ని చేసేయడం తొందరపాటు. ముందు నిండు స్వింగ్ నేర్చుకున్న పిల్ల తర్వాత స్లాప్‌ను అదనపు ఆయుధంగా చేర్చుకోగలదు. తట్టడం మాత్రమే అలవాటైన పిల్ల తర్వాత నిండుగా కొట్టడం నేర్చుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

‘బంతిని చూడు’ అంటే ఎక్కడ చూడాలి

అన్ని శిబిరాలూ ఒప్పుకునే ఒకే సలహా ఇది. కానీ బ్యాట్‌కు తగిలేదాకా బంతి మీద చూపు నిలపడం మనిషి కంటికి సాధ్యం కాదు. 1984లో టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ బ్యాటర్ల కంటి కదలికలను కొలిచి చూపించారు. వాళ్లు పరీక్షించిన ప్రొఫెషనల్ ఆటగాడు కూడా ప్లేట్‌కు సుమారు ఐదున్నర అడుగుల ముందు దాకానే బంతి వెంట చూపును పోనివ్వగలిగాడు. మామూలు ఆటగాళ్లు అంతకన్నా ముందే వెనకబడ్డారు. చివరి అడుగుల్లో బ్యాటర్ కొడుతున్నది తాను ఊహించుకున్న బంతినే.

కాబట్టి చూపు విలువంతా మొదటి సగంలో ఉంది. పిచర్ తుంటి పక్కన, బంతి చేతిని వీడే చోట కళ్లు ముందుగానే సిద్ధంగా ఉండాలి. ఛేంజప్ (వేగం తగ్గించి మోసగించే బంతి) వేసేటప్పుడు వేళ్లు బంతిని పట్టే తీరు, మణికట్టు తిరిగే తీరు మారుతాయి. చూసే అలవాటున్న పిల్ల అక్కడే పసిగడుతుంది. ఇది నేర్పడానికి ఖర్చు లేని మార్గం ఒకటుంది. జట్టులోని పిచర్ సాధన చేసేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని బ్యాటర్ స్థానంలో నిలబడాలి. బ్యాట్ ఊపకూడదు. బంతి సగం దూరం రాకముందే ‘స్ట్రైక్’, ‘బాల్’, ‘ఛేంజప్’ అని పైకి చెప్పాలి. క్యాచర్ తీర్పు వెంటనే తెలుస్తుంది, పిచర్‌కు కూడా ఎదురుగా మనిషి ఉన్నట్టుంటుంది. బ్యాట్లు కొరవడిన చోట, ఉదాహరణకు మన ఊళ్లలో పాఠశాల క్రీడల కోసం సాఫ్ట్‌బాల్ నేర్చుకునే పిల్లలకు కూడా ఇది అందుబాటులో ఉన్న సాధనే.

సాధన ఎలా పేర్చాలి

పిల్లల బ్యాటింగ్ సాధన సాధారణంగా మూడు మెట్లు: ‘టీ’ అనే కడ్డీ మీద నిలిపిన బంతి, ఎదురుగా వల వెనక నుంచి చేతితో వేసే ‘ఫ్రంట్ టాస్’, బంతులు విసిరే యంత్రం. మూడింటికీ చోటుంది. కొత్త కదలిక అలవాటు చేసుకోవడానికి టీకి మించింది లేదు. చిక్కల్లా వారాల తరబడి అక్కడే ఆగిపోవడంలో ఉంది.

1994లో హాల్, డొమింగెజ్, కవాజోస్ అనే పరిశోధకులు కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లకు ఆరు వారాలపాటు అదనపు సాధన ఇచ్చారు. ఒక బృందానికి 15 ఫాస్ట్‌బాల్‌లు, 15 కర్వ్‌లు, 15 ఛేంజప్‌లు వేటికవి వరుసగా వేశారు. రెండో బృందానికి అవే 45 బంతులు కలగాపులగంగా వేశారు. వరుసగా ఆడినవాళ్లు సుమారు 25 శాతం మెరుగైతే, కలిపి ఆడినవాళ్లు 57 శాతం దాకా మెరుగయ్యారు. పిల్లలకు, తల్లిదండ్రులకు మింగుడుపడని విషయం ఒకటి ఇందులో ఉంది. కలగాపులగం సాధనలో ఆరోజుకు ఎక్కువ బంతులు తప్పిపోతాయి, చూడటానికి బాగోదు. వరుస సాధనలో కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొడతారు. కానీ ఏ బంతి వస్తుందో ముందే తెలిసిన చోట పోల్చుకునే పనే ఉండదు. ఆటలో కావలసింది సరిగ్గా ఆ పనే. ఒక హద్దు కూడా చెప్పుకోవాలి: ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లు అప్పటికే ఆట వచ్చిన మగపిల్లలు. బ్యాట్ పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న ఎనిమిదేళ్ల పిల్లకు ముందు ఒకే రకం బంతి వేసి నిలదొక్కుకోనివ్వాలి. ఆ తర్వాత వేగాలు, చోట్లు, రకాలు కలుపుతూ పోవాలి.

యంత్రం గురించి క్రికెట్‌లోంచి మంచి ఆధారం దొరుకుతుంది. 2007లో రెన్‌షా బృందం చేసిన అధ్యయనంలో, యంత్రం విసిరిన బంతులకూ మనిషి వేసిన బంతులకూ ఒకే బ్యాటర్ల కదలికల సమయపాలన వేర్వేరుగా తేలింది. కారణం ఊహించదగిందే. యంత్రానికి చెయ్యి లేదు, తుంటి లేదు. కంటికి దొరికే ముందస్తు గుర్తులేవీ ఉండవు. గట్టిగా కొట్టే సుఖం కోసం, చేతుల అలవాటు కోసం యంత్రం సరే. సమయం కుదరడం నేర్పేది మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషే. నెలనెలా బ్యాటింగ్ కేజ్ అద్దెకు పెట్టే డబ్బుకన్నా, జట్టు పిచర్లతో వారానికోసారి నిజమైన బంతులు ఆడించే ఏర్పాటు ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇక మాటల సంగతి. శరీర భాగాల మీదకంటే కదలిక ఫలితం మీద దృష్టి పెట్టినప్పుడు నైపుణ్యం బాగా పట్టుబడుతుందని గాబ్రియేల్ వుల్ఫ్ మొదలైనవారు ఎన్నో క్రీడల్లో చూపారు. ‘మోచెయ్యి లోపలికి’ అనడం కన్నా ‘బంతిని సెకండ్ బేస్ మీదుగా పంపు’ అనడం మేలన్నమాట. దీన్ని బ్యాటింగ్‌లో పరీక్షించిన కాస్టనేడా, గ్రే 2007లో ఒక మెలిక పట్టుకున్నారు. నేర్పరులు బ్యాట్‌ను వీడి వెళ్లే బంతి మీద దృష్టి పెట్టినప్పుడు బాగా ఆడారు. అంతగా నేర్పు లేనివాళ్లకు స్వింగ్ అంచెలను గమనించుకోవడమే ఉపకరించింది. అందుకే మొదటి ఏడాది పిల్లకు శరీరం గురించి చెప్పొచ్చు, అయితే ఒకసారికి ఒక్క మాట. నాలుగేళ్లుగా ఆడుతున్న అమ్మాయికి మ్యాచ్ మధ్యలో మోచెయ్యి గురించి చెప్పడమంటే వచ్చిన విద్యను చెడగొట్టడమే.

బ్యాట్, శరీరం

సలహాల్లో తేలిగ్గా తేలేది బ్యాట్ సంగతి. అంగుళాల్లో పొడవు నుంచి ఔన్సుల్లో బరువు తీసేస్తే వచ్చే అంకెను ‘డ్రాప్’ అంటారు. 30 అంగుళాల పొడవు, 20 ఔన్సుల బరువు ఉంటే మైనస్ 10. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని పెద్ద బ్యాట్ కొనడం పొదుపులా కనిపించే పొరపాటు. బరువు మించితే పిల్ల స్వింగ్ ముందుగా మొదలుపెట్టాల్సి వస్తుంది. అంటే బంతిని చూసే సమయంలోంచి అప్పు తీసుకున్నట్టే. ఒక్కచేత్తో బ్యాట్‌ను పక్కకు చాచి పట్టుకున్నప్పుడు కాసేపటికే చెయ్యి వణికితే ఆ బ్యాట్ ఆమెది కాదు. నాలుగు వందల డాలర్ల కాంపోజిట్ బ్యాట్ పెద్దపిల్లల చేతిలో తేడా చూపిస్తుందేమో గానీ, బంతిని పోల్చుకోలేని పిల్లకు దానివల్ల ఒరిగేది లేదు.

వంతు రాకముందు బ్యాట్‌కు బరువైన రింగు తొడిగి ఊపడం ప్రతి మైదానంలో కనిపిస్తుంది. తీసేశాక బ్యాట్ తేలికైనట్టు అనిపిస్తుంది. అనిపించడం వేరు. కూప్ డెరెన్ 1990ల తొలినాళ్లలో చేసిన కొలతల్లో, రింగు తొడిగి ఊపాక అసలు బ్యాట్ వేగం తగ్గినట్టు తేలింది; మామూలు బరువుకు దగ్గరి బ్యాట్లతోనే వేగం బాగుంది.

ఎదుగుదల లెక్క కూడా మరవకూడదు. ఆడపిల్లలు దాదాపు 12 ఏళ్ల వయసులో శరవేగంగా పొడవవుతారు. చేతులూ కాళ్లూ సాగేసరికి నిన్నటిదాకా కుదిరిన సమయం చెదిరిపోతుంది. ఆ నెలల్లో స్వింగ్‌ను మొత్తం తిరగరాయాలని ఉబలాటపడే కోచ్‌లు ఉంటారు. ఓపిక పట్టి, తేలికైన సాధన కొనసాగిస్తే చాలాసార్లు శరీరమే సర్దుకుంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016 నివేదికలో ఒకే క్రీడకు పరిమితం కావడాన్ని 15–16 ఏళ్ల దాకా వాయిదా వేయమంది; వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో నెల చొప్పున కనీసం మూడు నెలలు ఆ ఆటకు విరామం ఉండాలంది. ఏడాది పొడవునా టోర్నమెంట్లకు తిప్పే ట్రావెల్ జట్ల లెక్కకు ఇది పూర్తిగా వ్యతిరేకం.

లెక్కలు, మాటలు, క్రికెట్ నాన్నలు

బ్యాటింగ్ సగటు పిల్లలకు మంచి కొలమానం కాదు. గట్టిగా కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ చేతిలో పడితే సున్నా. అంచుకు తగిలి దొర్లిన బంతికి బేస్ చేరితే ఒకటి. కొద్ది వంతులే దొరికే పిల్లల సీజన్లో అదృష్టం పాలు మరీ ఎక్కువ. దానికి బదులు రెండు విషయాలు రాసుకుంటే చాలు: ఊపిన, వదిలేసిన నిర్ణయాల్లో ఎన్ని సరైనవి, గట్టిగా తగిలినవి ఎన్ని. మొదటి అంకె పెరిగితే రెండోది కొంత ఆలస్యంగా దాని వెంట వస్తుంది. విలియమ్స్ చరిత్రకెక్కిన ఏడాదిలో కూడా పదింటికి ఆరుసార్లు హిట్ రాలేదన్న సంగతి పిల్లకు చెప్పాలి, అంతకన్నా ముందు పెద్దలు గుర్తుంచుకోవాలి.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో కూతురు సాఫ్ట్‌బాల్‌లో చేరితే మొదటి గురువు క్రికెట్ ఆడి పెరిగిన నాన్నే. ఆయన తెచ్చే వాటిలో పనికొచ్చేవి ఉన్నాయి: తల నిలకడ, బంతి వదిలే చేతిని గమనించే అలవాటు, వదిలేయాల్సిన బంతిని వదిలేసే ఓర్పు. పనికిరానివీ ఉన్నాయి. ఇక్కడ బంతి నేలను తాకి లేవదు, పిచ్ చదవడం ఉండదు. నిటారు బ్యాట్‌తో ఆపే ఆటకు విలువ లేదు. వెనక్కి, పక్కలకు తిప్పే షాట్లు ఫౌల్ కిందకు పోతాయి. ప్లేట్ నుంచి 90 డిగ్రీల లోపల పడ్డదే లెక్క. పైగా చంకల నుంచి మోకాళ్ల దాకా ఉన్న స్ట్రైక్ జోన్‌లో బంతిని వదిలేస్తే అంపైర్ ఊరుకోడు. మూడు స్ట్రైకులకు వంతు ముగుస్తుంది. క్రికెట్ ఓర్పును అలాగే తెచ్చి రుద్దితే పిల్ల బ్యాట్ భుజం మీదే పెట్టుకుని అవుటవుతుంది. సరైన మంత్రం ‘కొట్టడానికే సిద్ధపడు, బాగోలేకపోతే ఆపు’. ముందు వదిలేయడానికి సిద్ధపడి తర్వాత కొట్టాలనుకుంటే, అర సెకనులోపు ఆటలో అది కుదరదు.

తూకం

మొత్తం మీద చూస్తే, బలమైన ఆధారం ఉన్నవి మూడు: బంతిని చదివే అనుభవం కావలసినంత ఇవ్వడం, కనీస స్వింగ్ వచ్చాక బంతుల రకాలు కలిపి ఆడించడం, చేతికి మించని బ్యాట్. మాటలు ఎలా చెప్పాలన్న దానిపై ఆధారం మధ్యస్థం. వయసును, అనుభవాన్ని బట్టి మారుతుంది. స్వింగ్ కోణాలు, నిలబడే తీరు, చేతుల ఎత్తు గురించిన గట్టి వాదనలకు ఆధారం అన్నిటికన్నా పలుచన. విచిత్రంగా, గంటల లెక్కన అమ్ముడుపోయే పాఠాల్లో ఎక్కువ భాగం ఆ చివరి వాటి చుట్టూనే ఉంటాయి. వాటిని వీడియోలో చూపించొచ్చు, గీతలు గీయొచ్చు. నిర్ణయాన్ని అలా చూపించలేం కదా.

ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. పైన చెప్పిన అధ్యయనాలు దాదాపు అన్నీ మగవాళ్ల మీద, బేస్‌బాల్ లేదా క్రికెట్‌లో జరిగినవే. ఓక్లహోమా విశ్వవిద్యాలయం తరఫున 122 హోమ్ రన్లతో కాలేజీ రికార్డు నెలకొల్పిన జోసిలిన్ ఆలో లాంటి బ్యాటర్లు ఉన్న ఆట ఇది. పురుషుల ఆట నుంచి అరువు తెచ్చుకున్న జ్ఞానంతో ఎల్లకాలం నడవకూడదు. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌తో ఈ ఆట మళ్లీ ప్రపంచ వేదికెక్కుతున్న వేళ అమ్మాయిల మీదే నేరుగా పరిశోధన జరగాలి.

అప్పటిదాకా ఇంట్లో చేయదగ్గ పని సులువైందే. సాధన సమయంలో కనీసం సగం మనిషి వేసే బంతులకు కేటాయించండి. నెలకు ఒక్క స్వింగ్ లోపాన్ని ఎంచుకుని, మిగతావి కనబడినా ఊరుకోండి. మ్యాచ్ రోజున కంచె బయట నుంచి సలహాలు ఆపండి. అర సెకనులో నిర్ణయం తీసుకోవాల్సిన పిల్ల చెవిలో ఇంకో గొంతు ఎంత మంచిదైనా అడ్డమే. తిరుగు ప్రయాణంలో ఆట గురించి ఆమె ఎత్తితే మాట్లాడండి. ఎత్తకపోతే ఏం తింటుందో అడగండి.